కొండ దిగి వచ్చిన మాట

ఇంగ్లాండ్ మ్యాపులో దక్షిణం వైపు నార్త్ డౌన్స్, సౌత్ డౌన్స్ అని రెండు పేర్లు కనిపిస్తాయి. పేరు వింటే పల్లపు ప్రాంతాలేమో అనిపిస్తుంది. అవి సుద్దరాయి గుట్టల వరసలు. సౌత్ డౌన్స్‌లోని డిచ్‌లింగ్ బీకన్ ఎత్తు 248 మీటర్లు. పైన ఉన్నవాటికి డౌన్ అన్న పేరేమిటి?

పాత ఇంగ్లీషులో 'డూన్' అంటే కొండ. కొండ మీంచి దిగడాన్ని చెప్పడానికి 'ఆఫ్ డూనె' అనేవారు, అంటే 'కొండ నుంచి' అని. ఆ రెండు మాటలూ వాడుకలో అరిగి 'అడూనె' అయ్యాయి. తర్వాత ముందున్న అచ్చు కూడా రాలిపోయింది. మిగిలిందే ఇవాళ్టి 'డౌన్'. సర్వర్ డౌన్ అయిందని టెన్షన్ పడేవాళ్ల నోట కూడా ఆ పాత కొండే పలుకుతోంది! పదాల పుట్టుక గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఎవరో ఒక మనిషి వాలు వెంబడి దిగుతుంటే, ఆ దిగడమే దిక్కుకు పేరైపోయింది. ఇసుక దిబ్బను చెప్పే 'డ్యూన్' కూడా దీనికి చుట్టమే. కాకపోతే అది డచ్చి వాళ్ల దగ్గర పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది.

ఊళ్ల పేర్ల చివర కూడా ఈ డూన్ దాగుంది. స్విండన్ అంటే పందుల కొండ, హంటింగ్డన్ అంటే వేటగాడి కొండ. (లండన్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు.) ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసిన మార్గరెట్ గెల్లింగ్ ఒక మంచి విషయం గమనించారు. ఎత్తు తక్కువగా, పైభాగం కాస్త చదునుగా, ఊరు కట్టుకోవడానికి వీలుగా ఉండే కొండలకే ఎక్కువగా ఈ మాట వాడారట. అంటే ఆ పేరు పెట్టినవాళ్లు కొండను చూసి, ఇక్కడ ఉండగలమా లేదా అని కూడా ఆలోచించి ఉంటారు.

వూస్టర్‌షైర్‌లో బ్రెడన్ హిల్ ఉంది. ఇంగ్లీషు కంటే ముందు అక్కడ వాడిన కెల్టిక్ భాషలో 'బ్రె' అంటే కొండే, 'డూన్' కొండే, 'హిల్' కూడా కొండే. తర్వాత వచ్చినవాళ్లు ముందున్న మాటను ఊరికే పేరనుకుని, తమ మాటను దానికి తగిలించుకుంటూ పోయారు.

డౌన్స్ గుట్టల మీద గొర్రెలు తరతరాలుగా మేయడంతో అక్కడ పొట్టి పచ్చిక పరుచుకుంది. దాంతో డౌన్స్ అనగానే ఎత్తు కంటే ఆ పచ్చికబయలే ముందు గుర్తొచ్చేది. అందుకే 1827లో అన్వేషకుడు అలన్ కన్నింగ్‌హామ్ ఆస్ట్రేలియాలో విశాలమైన గడ్డి నేలలు చూసి, గవర్నర్ రాల్ఫ్ డార్లింగ్ పేరు మీద వాటిని డార్లింగ్ డౌన్స్ అన్నాడు.