ముగ్గుపిండి పట్టిన తెలుగు

న్యూజెర్సీలో పెరుగుతున్న పిల్లకి తెలుగు రావాలని ఆదివారం క్లాసుల్లో వేశాం, పద్యాలు బట్టీ పట్టించాం, పెద్దగా ఏదీ అంటలేదు. విశాఖలో అమ్మమ్మ ముగ్గుపిండి మాత్రం బాగానే అంటింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు పొద్దున్నే వాకిట్లో మా అమ్మ పక్కన చేరేది. అమ్మ వేళ్ళ మధ్య నుంచి పిండి జారుతుంటే గీత ఒకే లావున వచ్చేది, దీని చేతిలో ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ. "ఏటే గుంటా, అంత గట్టిగా పట్టేస్తే ఎలా జారుద్ది? వేళ్ళు వదులు చెయ్యి!" సముద్రం గాలికి పిండి చెమ్మగిల్లిన రోజున అమ్మ గీత కూడా తెగేది. రేణువుల మధ్య చేరిన కాస్త నీరే వాటిని ఒకదానికొకటి అతికించేస్తుంది, అందుకని అమ్మ పిండిని ఎండబెట్టి, జల్లించి గానీ ముట్టుకునేది కాదు. ఎందుకని అడగాలంటే తెలుగులోనే అడగాలి, అమ్మకి ఇంగ్లీషు రాదు.

మా నాన్న పోర్టులో ఇనుప ఖనిజం గుట్టల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. పైనుంచి ఎంత పోసినా గుట్ట పక్కలు ఒక వాలుకి మించి నిలవవని, ఎక్కువైంది జారిపోతుందని, పేపర్ పరిచి రవ్వ పోసి చూపించారు. పొడి ఇసుకకైతే ఆ వాలు 30 నుంచి 35 డిగ్రీల దాకా ఉంటుంది. తర్వాత ప్లాస్టిక్ బాటిల్ అడుగున చిల్లు పెట్టారు. నీళ్ళయితే మట్టం తగ్గేకొద్దీ ధార నెమ్మదిస్తుంది, రవ్వ మాత్రం దాదాపు చివరిదాకా ఒకే జోరు! పైనున్న బరువులో చాలా భాగాన్ని రాపిడి వల్ల గోడలే మోస్తాయని జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు 1895లోనే ధాన్యం గాదెల మీద లెక్కగట్టి చెప్పాడు. ధార జోరు ముఖ్యంగా చిల్లు వెడల్పుని బట్టి ఉంటుంది, వెడల్పు రెట్టింపు చేస్తే సుమారు ఐదారు రెట్లు పెరుగుతుంది.

ఆర్కే బీచ్‌లో ఇంకో పేచీ. తడి ఇసుక మీద అడుగేస్తే చుట్టూ క్షణంపాటు పొడిబారుతుంది కదా, "అమ్మమ్మా, నీళ్ళు ఎక్కడికెళ్ళాయి?" అంది. దగ్గరగా సర్దుకున్న ఇసుకని నొక్కితే రేణువులు ఎడమై సందులు పెరుగుతాయి, పైనున్న నీరు వాటిలోకి ఇంకుతుంది, 1885లో రేనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇచ్చిన వివరణ ఇదే. అమ్మ మాత్రం "నీ బరువుకి దడుచుకుని దాక్కున్నాయిలే" అంది. దానికి ఆ జవాబే నచ్చింది.

ఇప్పుడు వీడియో కాల్‌లో తాతతో తగువు, ఉప్పు వాలు ఎక్కువా, పంచదార వాలు ఎక్కువా అని. పూర్తిగా తెలుగులోనే. వంటింట్లో డబ్బాలు ఖాళీ అవుతున్నాయని నేను గొణుగుతున్నా ఇద్దరికీ పట్టదు.