నేల ఉడుతల వేటకు మూడు పంచాంగాలు

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, నైరుతి మూలన ఉన్న స్విఫ్ట్ కరెంట్ పట్టణం దగ్గర ఒక ధాన్యపు ఎలివేటరులో నేను గ్రేడరుగా పనిచేస్తున్నాను. ఎలివేటరంటే రైతుల లారీల్లో వచ్చిన గోధుమలు, మసూరు, కనోలా అనే నూనెగింజలు తూచి, నమూనా తీసి, తేమా తాలూ చూసి, రకం కట్టి, రైలు పెట్టెల్లోకి ఎక్కించే పెద్ద గోదాము. వంద కనోలా గింజలను కాగితపు పట్టీ మీద అంటించి, రోలరుతో నలిపి, ఎన్ని గింజలు లోపల పచ్చగా ఉన్నాయో లెక్కపెట్టడం నా రోజువారీ పని. ఆ లెక్క రెండు శాతం దాటితే ఆ సరుకుకు ఒకటో నంబరు దక్కదు. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారు కాటా పక్కన నిలబడి తేమ శాతం గురించి మిల్లువాళ్లతో వాదించడం చూస్తూ పెరిగిన నేను, బాపట్లలో వ్యవసాయం చదివి, ఇంత దూరం వచ్చి, చివరికి కాటాకు అవతలి వైపున కూర్చున్నాను.

ఈ ఉద్యోగంలో ఊపిరి పీల్చుకునే కాలం ఒక్కటే ఉంది. శీతకాలమంతా బిగుసుకుపోయిన నేల మార్చి, ఏప్రిల్ నెలల్లో కరగడం మొదలైతే రోడ్ల అడుగున మట్టి మెత్తబడుతుంది. ఆ సమయంలో పెద్ద బరువులు వెళితే రోడ్డు కుంగిపోతుంది కాబట్టి చిన్న రహదారుల మీద లారీల బరువుకు ప్రభుత్వం పరిమితి పెడుతుంది. నిండు బరువు తోలే వీలు లేక రైతులు సరుకు తేవడం తగ్గిస్తారు, మాకు శనివారాలు మిగులుతాయి. అలా మిగిలిన ఒక శనివారం నేల ఉడుతల వేటకు రమ్మని మా మేనేజరు నన్ను పిలిచాడు.

ఇక్కడివాళ్లు వాటిని గోఫర్ అంటారు. నిజానికి గోఫర్ అనే పేరు నేలలోనే బతికే వేరే జంతువుది; వీళ్లు కాల్చేది రిచర్డ్‌సన్ నేల ఉడుతను. గోధుమరంగు ఒళ్లు, పొట్టి తోక, ఏ అలికిడైనా వినిపిస్తే వెనక కాళ్ల మీద మేకు పాతినట్టు నిటారుగా నిలబడి చూడటం దాని గుర్తులు. మొలకెత్తిన మసూరును గట్టు వెంబడి నున్నగా కొరికేస్తుంది. దాని కలుగుల ముందు పోగుపడే మట్టిదిబ్బలు గడ్డి కోసే యంత్రాల కత్తులకు తగులుతాయి, ఆ కలుగుల్లో పశువుల కాళ్లు దిగబడతాయి. ఉడుతను కొట్టడం మహాపాపమని అమ్మ ఫోనులో అభ్యంతరం చెప్పినప్పుడు, వీటి వీపు మీద చారలు లేవనీ, రాముడు నిమిరిన ఉడుతల వంశం ఇది కాదనీ సర్దిచెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

ఒకప్పుడు ఇక్కడి రైతులు స్ట్రిక్నిన్ కలిపిన గింజలను కలుగుల్లో వేసేవారు. మన అడవుల్లో పెరిగే విషముష్టి గింజల్లో ఉండేది ఆ విషమే. చచ్చిన ఉడుతలను తిని ఇతర జంతువులూ పక్షులూ చస్తున్నాయన్న కారణంతో కేంద్ర ఆరోగ్య శాఖ 2020లో ఆ వాడకానికి అనుమతి రద్దుచేసి, మూడేళ్ల గడువు ఇచ్చి, 2023 మార్చితో పూర్తిగా ఆపేసింది. మా డెల్టాలోనూ నూకలు 96 పాళ్లు, నూనె రెండు పాళ్లు, బ్రోమాడయోలోన్ మందు రెండు పాళ్లు కలిపి, కాగితం పొట్లాలు కట్టి, ఊరంతా ఒకే రోజున ఎలుక కన్నాల్లో పెట్టించే కార్యక్రమాలను విద్యార్థిగా నేను దగ్గర నుంచి చూశాను. అంతకు ముందు తరంలో యానాదులు కుండలో గడ్డి మండించి, కలుగులోకి పొగ ఊది, రెండో కన్నం దగ్గర ఎలుకను పట్టేవారు. లోపల ఎలుకలు దాచుకున్న వెన్నులను కూడా తవ్వి తీసేవారు. ఈ దేశపు రైతుకు అలా పిలవడానికి ఎవరూ లేరు కాబట్టి, తుపాకీ ఉన్న స్నేహితులను పిలుస్తాడు.

అయితే ఏ రోజు పడితే ఆ రోజు వెళ్లి కాలిస్తే పెద్దగా ఫలితం ఉండదు. మగవి ముందుగా, మార్చి మొదట్లోనే నిద్ర లేచి పైకి వస్తాయి. రెండు మూడు వారాల తర్వాత ఆడవి వస్తాయి. వచ్చిన కొద్ది రోజులకే చూలు కట్టి, ఇరవై మూడు రోజులకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలను నేల లోపల ఈనుతాయి. ఆ పిల్లలు మరో నాలుగు వారాలకు బయటి వెలుగు చూస్తాయి. ఈనకముందు ఒక ఆడదాన్ని తీసేస్తే ఆ మందనంతా తీసేసినట్టే. పిల్లలు బయటికి వచ్చాక వంద తీసినా పొలానికి తేడా తెలియదు. ఈ విధంగా ఉడుతల పంచాంగం ఏప్రిల్‌లో ఒక చిన్న కిటికీ తెరుస్తుంది, రోడ్ల పంచాంగం అదే సమయంలో మాకు సెలవిస్తుంది. మూడోది ఆకాశపు పంచాంగం. మిగిలిన రెండింటితో దానికి ఏ సంబంధమూ లేదు.

ఏప్రిల్ రెండో శనివారానికి అంతా సిద్ధం చేసుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం చొక్కా చేతులు మడుచుకుని తిరిగాను. శనివారం తెల్లవారి తలుపు తీస్తే గడప మీద జానెడు మంచు ఉంది. ఉగాది వెళ్లి మూడు వారాలైంది. మా ఇంట్లో ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకలేదన్న బాధ కంటే, ఆ రోజు బూట్లు మళ్లీ అటక మీది నుంచి దించవలసి వచ్చినందుకు ఎక్కువ కోపం వచ్చింది. సోమవారానికి మంచు కరిగి, బుధవారానికి బురద అయింది.

తర్వాతి శనివారం బయలుదేరాం. మేనేజరు, గోదాములో యంత్రాలు చూసే కుర్రవాడు, నేను. 32వ నంబరు రహదారి మీద కాబ్రి దాటి, సెప్టర్ వైపు వెళ్లాలి. ఆ ఊరికి దక్షిణాన గ్రేట్ సాండ్ హిల్స్ అనే ఇసుక దిబ్బలు ఉంటాయి. వాటి అంచునే మా రైతు పశువుల బీడు ఉంది. సొంతదారు ముందస్తు అనుమతి లేకుండా ఒకరి పొలంలో అడుగుపెట్టకూడదని 2022 జనవరి 1 నుంచి ఇక్కడ చట్టం ఉన్నందువల్ల, మేనేజరు రెండు రోజుల ముందే ఫోను చేసి అడిగాడు. తుపాకీ లైసెన్సు నాకు లేదు. లైసెన్సున్న మనిషి పక్కనే ఉండి నేరుగా చూసుకుంటే లేనివాళ్లు కూడా కాల్చవచ్చు కాబట్టి ఆయన నా భుజం వదలకుండా ఉంటానన్నాడు.

పాత గుడిసె గోడ చాటున, అరిగిపోయిన టైర్ల మీద బియ్యపు బస్తా పరుచుకుని పడుకున్నాం. ఆ బస్తా నాదే. సోనా మసూరి అన్న అక్షరాలు చూసి రైతు అదేమిటని అడిగాడు. ఆయన పండించే ఎర్ర మసూరుకీ దీనికీ పేరు కలవడం తప్ప చుట్టరికం లేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయనే ఒక మూలకు చెయ్యి చూపించి, అటు మాత్రం గురి పెట్టవద్దన్నాడు. ఉడుతలు వదిలేసిన కలుగుల్లో కాపురం పెట్టే చిన్న గుడ్లగూబ ఒకటి కిందటేడు అక్కడ కనిపించిందట. ఈ దేశంలో ఆ పక్షి అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో ఉంది.

ఎండ ఉంది, వేడి లేదు, గాలి మాత్రం వాయవ్యం నుంచి ఆగకుండా కొడుతోంది. అంత గాలిలో ఉడుతలు తల బయటపెట్టవు. పెట్టినవి చెవులూ కళ్లూ మాత్రమే చూపించి కూర్చుంటాయి. పాయింట్ 22 రైఫిల్ తూటా బరువు రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. ఎనభై మీటర్లు వెళ్లేలోగా ఆ గాలి దాన్ని జానెడు పక్కకు తోసేస్తుంది, ఉడుత వెడల్పు చూస్తే బెత్తెడు. మొదటి గంటలో నేను కాల్చిన తూటాలన్నీ దుమ్మునే లేపాయి. ఎడమకు జరిపి గురిపెట్టమని మేనేజరు చెప్పేవాడు, నేను జరిపే సమయానికి గాలి ఆగేది, తూటా ఎడమకే పోయేది. ధాన్యం తేమ మీటరు అంకె చెబుతుంది, నేను రాసుకుంటాను. ఇక్కడ గాలికి మీటరూ లేదు, అంకే లేదు. రెండో గంటలో ఒకటి పడింది. దగ్గరికి వెళ్లి చూస్తే పొట్ట నిండుగా ఉన్న ఆడది. లెక్క ప్రకారం అదే కావలసింది. చేతికి మాత్రం ఆ లెక్క ఎక్కలేదు. చలికి వేళ్లు పనిచేయడం లేదని చెప్పి రైఫిలు ఆ కుర్రవాడికి ఇచ్చేశాను.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి, వానా మంచూ కలిసిన జల్లు మొదలైంది. లారీలో కూర్చుని తెరిపి ఇస్తుందేమోనని గంటన్నర ఎదురుచూశాం. నేను తెచ్చిన పులిహోర ఇద్దరికీ పంచాను. మేనేజరు వేరుశెనగలు ఏరుకుని తిన్నాడు, కుర్రవాడు ఎండుమిరపకాయ కొరికి నీళ్ల కోసం వెతుక్కున్నాడు. ముగ్గురికీ కలిపి లెక్క తొమ్మిది ఉడుతలు. పేల్చిన తూటాలు రెండు వందలకు పైమాటే. కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే మా సామెతను ఇంగ్లీషులో చెబితే, మేనేజరు అందులో ఎగతాళి ఏమీ లేదనుకుని, ఎలుకైనా దొరికింది కదా అన్నాడు.

అసలు శ్రమ తిరుగు ప్రయాణంలో ఎదురైంది. బీడు ఇసుక నేలైనా, రహదారికి చేర్చే మట్టిబాట బంకమట్టి మీద వేసింది. గంబో అని ఇక్కడివాళ్లు పిలిచే ఆ మట్టి తడిస్తే మన నల్లరేగడికి తోబుట్టువు. చక్రానికి అంటుకుని, పొరమీద పొర చేరి, చక్రం తిరిగే చోటే లేకుండా చేస్తుంది. మూడు వందల గజాలు కూడా వెళ్లకముందే బండి ఆగింది. గోరుపారతో చక్రాల మధ్య మట్టి గీకుతున్నప్పుడు, ఒక్కో అడుగుకూ బరువెక్కుతున్న నా బూట్లు చూసి, చెప్పులు చేత పట్టుకుని చేలగట్ల మీద నడిచిన రోజులు గుర్తుకొచ్చాయి. కానీ ఇక్కడ బూట్లు విప్పితే కాళ్లు మిగలవు. చివరికి రైతే ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి లాగాడు. మేము చేసిన సాయం కంటే ఆయన డీజిలుకే ఎక్కువ ఖర్చయి ఉంటుంది.

రాత్రి నాన్నగారికి ఫోనులో ఈ కథంతా చెప్పాను. "ఏరా, అంత చదివి, రోజంతా వానలో పడుకుని, ముగ్గురు మగాళ్లు తొమ్మిదా?" అన్నారు. గాలి గురించి చెప్పబోతే, "కల్లంలో ధాన్యం తూర్పారపట్టేటప్పుడు గాలి ఎప్పుడు పడిపోతుందో నీకు చెప్పలేదూ?" అని అడిగారు.

మే మొదటి వారంలో రోడ్ల మీద ఆంక్షలు ఎత్తేశారు. మరునాటి నుంచే లారీలు బారులు తీరాయి, మా పని రోజుకు పన్నెండు గంటలైంది. ఆకాశం నెలాఖరు దాకా ఒక్క మబ్బు లేకుండా, ఆకు కదలనంత నెమ్మదిగా నిలిచింది. నెల మూడో వారంలో ఆ రైతు డ్యూరమ్ గోధుమ లారీ తెచ్చాడు. గొట్టం దించి నేను నమూనా తీస్తుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, ప్రతి కలుగు ముందూ ఆరేసి పిల్లలు వరసగా నిలబడి ఎండ కాగుతున్నాయనీ, గాలి అసలే లేదనీ, ఎప్పుడు వస్తారనీ అడిగాడు. ఆయన వెనక ఇంకా పదకొండు లారీలున్నాయి. తేమ 13.1 అని చెప్పి చీటీ చేతికిచ్చాను.