ఆయిల్ మార్చాక ఇంజన్‌లో గరగర, ఎర్ర లైటు చెప్పిన అసలు కారణం

ఈ పొద్దున మా వ్యాగన్ ఆర్ తాళం తిప్పగానే ఏ చప్పుడూ లేకుండా స్టార్టయింది. కోపం ఇంకా చల్లారలేదు. వివరాలు మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఇంట్లో బండి పని సొంతంగా చేసుకునేవాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి, ఇది తప్పకుండా పనికొస్తుంది.

బండి 2013 మోడల్, 998 సీసీ, మూడు సిలిండర్ల కె10బి ఇంజన్. వారంటీ ఎప్పుడో అయిపోయింది. నేను విజయవాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నట్టు చూడగానే ఏ సైజు స్పానర్ పడుతుందో చెప్పడం చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు ఏళ్ల తరబడి నేనే మార్చుకుంటున్నాను. బండి ఎప్పుడూ రోడ్డు మీద ఆగిపోలేదు.

ఈసారి ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, ఆల్టర్నేటర్ బెల్టు మార్చాను. పని సాయంత్రానికే అయిపోయింది. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొస్తే బండి హాయిగా నడిచింది.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోంచి గరగరమని మోత. రేకు డబ్బాలో బోల్టులు పోసి ఊపితే ఎలా ఉంటుందో అలా. నాలుగైదు సెకన్లు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత రోజంతా ఏమీ లేదు. మళ్లీ తెల్లారగానే అదే మోత.

చేతులు పెట్టిన ప్రతిదీ వరసగా చూసుకున్నాను. డిప్‌స్టిక్ మీద ఆయిల్ సరిగ్గా పైగుర్తు దగ్గరే ఉంది. ప్లగ్గులు గట్టిగానే ఉన్నాయి. బెల్టు మీద అనుమానంతో రాత్రే బెల్టులు తీసేసి, పొద్దున కొద్ది సెకన్లు మాత్రం ఇంజన్ తిప్పాను. మోత అలాగే ఉంది. అంటే బెల్టు, ఆల్టర్నేటర్, వాటర్ పంపు మూడూ కాదు. బెల్టు లేకపోతే వాటర్ పంపు తిరగదు కాబట్టి ఈ పరీక్షలో ఇంజన్‌ని వేడెక్కనివ్వకూడదు. ట్యాపెట్ (వాల్వుల్ని నొక్కే భాగం) చప్పుడైతే సన్నగా టకటకమంటూ వస్తుంది, ఇలా ఒక్కసారిగా తెగిపోదు. ఇక మిగిలింది పొడుగాటి స్క్రూడ్రైవర్. దాని మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి చప్పుడు ఎక్కడిదో తెలుస్తుంది. మా డిపోలో స్టెతస్కోప్ ఇదే అనేవారు నాన్న. టైమింగ్ చైన్ కవర్ వైపు ఆనిస్తే మోత చెవిలో మోగిపోయింది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టునీ, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టునీ కలిపి తిప్పడానికి ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. అది కవర్ లోపల ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఆ కవర్ విప్పడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు. అందుకే గ్యారేజీకి తీసుకెళ్లాను.

అన్ని కంపెనీల కార్లూ చేసే పెద్ద గ్యారేజీ అది. అద్దాల రిసెప్షన్, ఏసీ వెయిటింగ్ హాలు. కౌంటర్‌లో కుర్రాడికి జరిగిందంతా చెప్పాను. నేనే ఆయిల్ మార్చానన్న మాట దగ్గరే అతని ముఖం మారింది. "మేడమ్, సార్‌ని ఒకసారి పంపించండి, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు. మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. బండి నడపడమే తప్ప బానెట్ ఎత్తడం కూడా తనకి రాదని ఆయనే అందరికీ చెబుతారు. "బండి సంగతి నాకే తెలుసు, నాతోనే మాట్లాడండి" అన్నాను. సరేనంటూ జాబ్ కార్డులో మొదటి లైనే "కస్టమర్ సొంతంగా రిపేరు చేసుకున్నారు" అని రాసి, కింద గీత గీశాడు. చప్పుడు ఎప్పుడొస్తుందో, ఎన్ని సెకన్లుంటుందో, ఏమేం పరీక్షలు చేశానో చెబితే ఒక్క ముక్క రాసుకోలేదు.

చల్లారిన ఇంజన్‌లోనే చప్పుడొస్తుంది కాబట్టి రాత్రికి బండి అక్కడే వదిలాను. పొద్దున నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పాను. అలాగే మేడమ్ అన్నారు. గేటు తీసే సమయానికే వెళ్లాను. అప్పటికే బండి ర్యాంపు మీద ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. "విన్నాం మేడమ్, టైమింగ్ చైన్ పోయింది. చైన్, టెన్షనర్, గైడ్లు, గాస్కెట్లు, ఇంజన్ ఫ్లష్, లేబరు కలిపి 24,000 అవుతుంది" అన్నారు.

చైన్ పోయిందని ఎలా తేల్చారని అడిగాను. "ఎక్స్‌పీరియన్స్ మేడమ్." చైన్ సాగిపోతే క్రాంక్‌కీ క్యామ్‌కీ పొంతన తప్పుతుంది కదా, పి0016 లాంటి ఎర్రర్ కోడ్ ఏమైనా వచ్చిందా, స్కానర్ పెట్టి చూశారా అన్నాను. పెట్టలేదు. చైన్ పోతే వేడెక్కాక చప్పుడు ఎందుకు లేదని అడిగాను. దానికి జవాబు లేదు. పక్కనున్న ఇంకో కుర్రాడు మాత్రం హాల్లో వాళ్లందరికీ వినబడేలా, "ఆయిల్ పోసేటప్పుడు గరాటు వాడారా మేడమ్? యూట్యూబ్ చూసి చేస్తే ఇంతే మరి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కూర్చున్న వాళ్లలో ఒకాయన కూడా నవ్వాడు. నా కంటే నాన్న గుర్తొచ్చి కడుపు మండిపోయింది. ఆ చేతుల దగ్గర నేర్చుకున్న పనిని, స్కానర్ కూడా పెట్టకుండా ఇంజన్ విప్పుతామనేవాళ్లు ఎగతాళి చేయడమా! పిల్లలు ల్యాబ్‌లో రీడింగ్ తీసుకోకుండా జవాబు రాస్తే నేను మార్కులు వెయ్యను. చైన్ పోయిందని కారణాలతో సహా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. ఇన్‌స్పెక్షన్ ఛార్జీ మాత్రం వసూలు చేసుకున్నారు.

ఇంటికొచ్చి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. 24,000 గురించి కాదు. ఒకవేళ నిజంగా చైనే పోయి ఉంటే, అది జారి వాల్వులు పిస్టన్‌కి తగిలితే ఇంజన్ ఉండదన్న టెన్షన్.

తెల్లవారి స్టార్ట్ చేసేటప్పుడు ఈసారి చెవితో కాకుండా కళ్లతో చూశాను. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు, నూనె డబ్బా బొమ్మది, మా బండిలో స్టార్టయిన సెకనులో ఆరిపోయేది. ఇప్పుడు మోత వస్తున్నంతసేపూ వెలిగే ఉంది. అది ఆరిన క్షణంలోనే మోత తెగిపోయింది. ఇక వదల్లేదు. ఫోన్ డాష్ ముందు నిలబెట్టి, లైటూ చప్పుడూ రెండూ ఒకే వీడియోలో పడేలా తీశాను. ఇంజన్ ఆపి గంట తర్వాత స్టార్ట్ చేస్తే మోత లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్కూల్లో నిలిపి తీస్తే కొంచెమే వచ్చింది. రాత్రంతా నిలిపితే పూర్తిగా వచ్చింది. బండి ఎంతసేపు నిలబడితే అంత మోత.

దీన్నిబట్టి విషయం తేలిపోయింది. ఈ ఇంజన్‌లో చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లో, దారుల్లో కొంత ఆయిల్ నిలిచి ఉండాలి. అది రాత్రికి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి జారిపోతే, పొద్దున పంపు మళ్లీ దారులన్నీ నింపేదాకా టెన్షనర్‌కి ప్రెషర్ అందదు. ఆ నాలుగైదు సెకన్లు చైన్ వదులుగా ఊగి, దాన్ని దారిలో ఉంచే గైడ్లకి కొట్టుకుంటుంది. ఆయిల్ జారకుండా ఆపేది ఫిల్టర్ లోపలుండే ఒక రబ్బరు వాల్వు. ఫిల్టరు నిలువుగా కాకుండా పక్కకి బిగించిన ఇంజన్లకి అది మరీ ముఖ్యం. చైన్‌లో తప్పు లేదు. నేను కొత్తగా కొన్న ఫిల్టర్‌లోనే ఉంది.

అయినా నాన్నని ఒక మాట అడిగాను. ఆటోనగర్‌లో తనకి తెలిసిన పెద్దాయన దగ్గరికి వెళ్లమన్నారు. రేకుల షెడ్డు, కింద మట్టి నేల. ఆయన వీడియో రెండుసార్లు చూసి, "చైనే పోతే వేడెక్కినా వినబడుద్దమ్మా, రేజ్ చేస్తే పెరుగుద్ది. ఫిల్టరు ఎక్కడ కొన్నావు?" అన్నారు. నేను అనుకున్నదే చెప్పాను. "సరిగ్గా పట్టుకున్నావు తల్లీ" అన్నారు. గ్యారేజీలో పడిన మాటలన్నీ ఆ ఒక్క మాటతో కడుక్కుపోయాయి. డబ్బులిస్తే, "మీ నాన్న కూతురివి, నీ దగ్గర తీసుకుంటానా?" అంటూ వెనక్కిచ్చేశారు.

కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో బిల్లుతో అసలు ఫిల్టరు కొన్నాను. రెండొందల లోపే. నకిలీ ఫిల్టర్‌లోంచి తిరిగిన ఆయిల్ మీద నమ్మకం లేక అది కూడా తీసేసి కొత్త 5డబ్ల్యూ-30 గ్రేడ్ ఆయిల్ పోశాను. ఆ మర్నాటి నుంచి లైటు సెకనులో ఆరిపోతోంది, మోత లేదు.

తర్వాత హ్యాక్‌సా బ్లేడుతో రెండు ఫిల్టర్లు కోశాను. ఒకటి ఈ నకిలీది. రెండోది, మొన్న బండిలోంచి తీసి తుక్కు డబ్బాలో వేసిన పాత ఒరిజినల్. ఒరిజినల్‌లో చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక మెత్తటి రబ్బరు పళ్లెం ఉంది. వేలితో వంచితే వంగి, వదలగానే రంధ్రాలకి అతుక్కుపోయింది. ఏడాది వాడినా అలాగే ఉంది. కొత్తదాంట్లో రబ్బరు అట్టముక్కలా బిరుసుగా ఉంది, ఒక పక్క అంచు పైకి లేచి వేలిగోరు దూరేంత సందుంది. లోపలి కాగితం మడతలు కూడా ఒరిజినల్‌లో దగ్గరదగ్గరగా, సమంగా ఉంటే, ఇందులో ఒక చోట గుంపుగా, ఒక చోట ఖాళీగా ఉన్నాయి. పైన పెట్టె, స్టిక్కరు, పార్ట్ నంబరు మాత్రం అచ్చం అసలుదానిలాగే ఉన్నాయి.

కోసిన ముక్కలు పట్టుకుని ఆ స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లాను. "మా దగ్గర కొన్నట్టు బిల్లేది?" అన్నాడు యజమాని. కొన్న రోజు బిల్లడిగితే జీఎస్టీ కలిపితే రేటు పెరుగుతుందని ఇవ్వనన్నది ఆయనే. ఫోన్‌పే చెల్లింపు చూపిస్తే, అది వైపర్ బ్లేడ్లకి అన్నాడు. బిల్లివ్వని షాపులో రూపాయి తక్కువైనా సరే కొనకండి. ఫిల్టరు బిగించే ముందు ఆ చిన్న రంధ్రాల్లోంచి టూత్‌పిక్‌తో రబ్బరుని మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చి అతుక్కోవాలి.

చప్పుడు కోసం గ్యారేజీకి వెళ్లాల్సి వస్తే ముందే లైటుతో సహా వీడియో తీసుకోండి. మీరు లేకుండా చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయనివ్వకండి, ఆ మాట జాబ్ కార్డులో రాయించండి. ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే మాత్రం వీడియోలు, పరీక్షలు ఏవీ వద్దు, ఆ క్షణమే ఇంజన్ ఆపేయండి.

షాపు మీద నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చెల్లింపు వివరాలు, కోసిన ఫిల్టర్ల ఫోటోలు జతచేశాను. నంబరు ఇచ్చారు. డబ్బు తిరిగి ఇస్తామని షాపు నుంచి ఈ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బిల్లు ఇవ్వనందుకు, నకిలీ సరుకు అమ్మినందుకు రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోనని చెప్పాను.