పన్ను ఉంది, చట్టమేదీ?

"మీ దేశం క్రిప్టో మీద పన్ను మాత్రం వసూలు చేస్తుంది, రూల్స్ మాత్రం రాయదు." సింగపూర్‌లో లౌ పా సాట్ అనే ఫుడ్ సెంటర్‌లో లంచ్ చేస్తుండగా మా రిస్క్ టీమ్ సీనియర్ ఒకావిడ అన్న మాట ఇది. ఆవిడ పుట్టి పెరిగింది సింగపూర్‌లోనే. ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి, వెటకారం తెలియదు. అందుకే ఇంకాస్త గుచ్చుకుంది. అక్కడ నవ్వి ఊరుకున్నాను గానీ, ఇల్లు చేరేదాకా ఎమ్మార్టీ రైల్లో జవాబులు కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ఆవిడ అన్నది అబద్ధమా అంటే కాదు. 2018లో రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్‌తో క్రిప్టోకి బ్యాంకుల తలుపులు మూసేసింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2021 శీతాకాల సమావేశాల జాబితాలో బిల్లు పేరు ఎక్కింది, సభలోకి మాత్రం రాలేదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్. 2023 మార్చిలో క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలని మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. కానీ కొన్నవాడి సొమ్ము ఎక్స్ఛేంజీ ఎలా దాచాలి, అది మునిగితే ఎవరు దిక్కు అని చెప్పే చట్టం లేదు. "గవర్నమెంటే ట్యాక్స్ కట్టించుకుంటోందిగా బావా, ఇంక భయమేంటి?" అంటాడు మా బావమరిది. వాడికి చెప్పలేక చచ్చిపోతున్నాను.

ఇక్కడి పద్ధతి వేరు, ఒప్పుకోవాలి. 2022 జనవరిలో షెంటన్ వేలో ఉన్న ఇక్కడి కేంద్ర బ్యాంక్ మానిటరీ అథారిటీ, అంటే మాస్, క్రిప్టో ప్రకటనలు జనం తిరిగే చోట పెట్టొద్దంది. బస్సుల మీద వద్దు, స్టేషన్లలో వద్దు, ఇన్‌ఫ్లుయెన్సర్ల చేత చెప్పించనూ వద్దు. క్రిప్టో ఏటీఎంలు మూతపడ్డాయి. 2023 ఆగస్టులో స్టేబుల్‌కాయిన్‌ల మీద, అంటే విలువని డాలర్ లాంటి కరెన్సీకి కట్టి ఉంచే కాయిన్ల మీద, నిబంధనలు ప్రకటించింది. కాయిన్ విలువకి తగ్గ నగదో, స్వల్పకాలిక బాండ్లో పక్కన ఉండాలి. వెనక్కిమ్మని అడిగినవాడికి 5 పనిదినాల్లో పూర్తి విలువ కట్టాలి.

ఇది ఎందుకు అవసరమో అంతకు ముందు మార్చిలోనే చూశాం. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ శుక్రవారం మూతపడింది, మర్నాడు శనివారం మా టీమ్‌లో ఎవరి ఫోనూ ఆగలేదు. సర్కిల్ కంపెనీ డబ్బు 3.3 బిలియన్ డాలర్లు అందులో ఇరుక్కుందని తెలియగానే, ఎప్పుడూ ఒక డాలర్ ఉండాల్సిన ఆ కంపెనీ స్టేబుల్‌కాయిన్ యుఎస్‌డీసీ 88 సెంట్ల కిందికి జారింది. డిపాజిట్లన్నిటికీ మాది పూచీ అని అమెరికా ప్రభుత్వం అన్నాక గానీ తేరుకోలేదు. బ్యాంకు మునిగితే కాయిన్ ఊగింది, సరే. నాకు అసలు టెన్షన్ రెండో వైపు నుంచి. ఈ కాయిన్ల కంపెనీల చేతిలో ఇప్పుడు అమెరికా ట్రెజరీ బిల్లులు, అంటే ఆ ప్రభుత్వ అప్పు పత్రాలు, గుట్టలుగా ఉన్నాయి. జనమంతా ఒక్కసారి డబ్బు వెనక్కి అడిగితే అవన్నీ ఒకేసారి అమ్మకానికొస్తాయి. అప్పుడు దెబ్బ క్రిప్టో ముట్టనివాడికీ తగులుతుంది.

అయినా ఆవిడకి ఒక మాట చెప్పాల్సింది. టెర్రా అనే క్రిప్టోని నడిపిన కొరియా వాళ్ళ కంపెనీ టెర్రాఫామ్ ల్యాబ్స్ రిజిస్టర్ అయింది ఈ ఊళ్ళోనే కదా! దాదాపు 20 శాతం రాబడి ఆశ చూపిన వ్యవహారం అది. అగ్రిగోల్డ్‌ని చూసిన మనకి అలాంటి ఆశలు కొత్త కాదు. 2022 మేలో అది కూలి, దాదాపు 40 బిలియన్ డాలర్ల విలువ ఆవిరైపోయింది. కొరియాలో ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో. ఇక్కడ నడిచిన త్రీ యారోస్ అనే క్రిప్టో ఫండ్ కూడా ఆ దెబ్బకే పోయింది. తప్పుడు సమాచారం ఇచ్చిందని మాస్ దాన్ని మందలించింది, కానీ అప్పటికే అది మునిగిపోయింది. టెర్రాకి మేం లైసెన్స్ ఇవ్వనే లేదన్నారు మాస్ వాళ్ళు. నిజమే, ఇవ్వలేదు. తన వాకిలి శుభ్రంగా ఊడ్చి చెత్త వీధిలోకి తోసినట్టుంది నాకు. ఇక్కడ ఆఫీసు పెట్టి బయటి దేశాల వాళ్ళకే అమ్మే కంపెనీలకి, లైసెన్సైనా తెచ్చుకోండి, దుకాణమైనా కట్టేయండి అని పెట్టిన గడువు 2025 జూన్ 30. మధ్యలో మూడేళ్ళు!

క్రిప్టో వద్దనే మన రిజర్వ్ బ్యాంక్ మొండితనాన్ని ఈ మధ్య నేను వెనకేసుకొస్తున్నాను. రాబోయే ఆర్థిక సంక్షోభం ప్రైవేటు క్రిప్టోల నుంచే వస్తుందని 2022 డిసెంబర్‌లో అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ అన్నప్పుడు ఆఫీసులో నవ్వారు. నేనూ నవ్వాననుకోండి. కానీ ఈ ఊరికీ మన దేశానికీ పోలికేంటి? కోట్లమంది పొదుపు డాలర్ కాయిన్లలోకి జారిపోతే రూపాయి మీద పట్టు ఏం మిగులుతుంది? ఒక్క దేశం రూల్స్ రాసుకుంటే చాలదని 2023 జీ20లో మన వాళ్ళు పట్టుబట్టింది అందుకే.

ఆదివారం లిటిల్ ఇండియాలో డార్మిటరీల నుంచి వచ్చిన శ్రీకాకుళం కుర్రాళ్ళు కనిపిస్తారు. "అన్నా, యుఎస్‌డీటీ అంట, రేటు ఎక్కువొస్తాదంట, పంపొచ్చేటి?" అని అడిగాడొకడు. అదీ డాలర్ స్టేబుల్‌కాయినే. వద్దురా అన్నాను. ఇండియాలో ఆ కాయిన్ కొనేవాడు మీ వాళ్ళ అకౌంట్‌లో ఎవరిని మోసం చేసిన డబ్బు వేస్తాడో తెలియదు. సైబర్ పోలీసులు వచ్చి ఫ్రీజ్ చేసేది మీ అమ్మ అకౌంట్‌ని. 2023 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వాలూ కలిసి ఇక్కడి యూపీఐ లాంటి పేనౌని మన యూపీఐతో ముడేశాయి. రోజుకి 1,000 సింగపూర్ డాలర్లతో మొదలైంది. మా నాన్నకి నేను అందులోనే పంపుతాను, క్షణాల్లో తెనాలిలో ఆయన ఫోన్ మోగుతుంది. రూల్స్ రాయడం మన వాళ్ళకీ వచ్చండీ అని ఆవిడకి ఇది చూపించాలి.

ఇక్కడి నుంచి ఒక్కటి అరువు తెచ్చుకోమంటే మాత్రం ఆ క్రిప్టో ప్రకటనల రూలే తెమ్మంటాను. 2021 టీ20 ప్రపంచకప్‌లో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఆ యాడ్‌లే. తర్వాత ప్రకటనల పరిశ్రమ వాళ్ళే ఇది రిస్క్ అని ఒక హెచ్చరిక చేర్చమన్నారు, 2022 ఏప్రిల్ నుంచి. ఆ హెచ్చరిక మా బావమరిది ఇప్పటిదాకా చదవలేదు.