ఒక్క కణమే కదా

చంటిది పడుకుంది, ఈయనా పడుకున్నారు. నాకే నిద్ర రావడం లేదు. మా ల్యాబు చిన్నవాడు మధ్యాహ్నం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఒక్క కణమే కదా అక్కా, రేపు ఇంకోటి పట్టుకుందాం."

వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా లేని గాజు మొనతో ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఒక న్యూరాన్‌ని, అంటే నాడీకణాన్ని, పట్టి, దాని సిగ్నల్స్ రికార్డు చేసి, ఊపిరి బిగబట్టి లోపలి సారం మెల్లగా లాగాను. నాకు కావాల్సింది అందులోని ఆర్‌ఎన్‌ఏ, కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పేది. ఒక కణంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ మొత్తం కలిపినా సుమారు 10 పికోగ్రాములు. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. దాన్ని ట్యూబులోకి దింపాక తెలిసింది, వాడు ఆ ట్యూబుల డబ్బాలో గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టాడని. ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్ మన చర్మం మీదే ఉంటుంది. మరగబెట్టినా లొంగదు. ట్యూబు పారేశాను. వాణ్ణి అందరి ముందూ తిట్టాను.

ఇంకోటి ఎలా వస్తుంది? పక్కపక్కనే అచ్చం ఒకేలా కనిపించే రెండు న్యూరాన్లలోనూ పనిచేసే జన్యువులు ఒకటే కావు. 1992లో శాస్త్రవేత్త ఎబర్‌వైన్ బృందం బతికున్న ఒక్కొక్క న్యూరాన్ ఆర్‌ఎన్‌ఏని విడిగా, కాపీలు తీసి పెంచి చూసింది అందుకే కదా.

అమ్మమ్మ గుర్తొస్తోంది. నాకు ఎనిమిదేళ్ళు. సంక్రాంతి సెలవులు. బస్సు దిగి ఒకటే పరుగు. ఆమె మడిచీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. వెనక నుంచి గట్టిగా వాటేసుకున్నాను. పిన్ని కెవ్వుమంది. అమ్మమ్మ మాత్రం నా చేతులు మెల్లగా విడిపించుకుని, బావి దగ్గరికెళ్ళి ఆ చలిలో రెండు చేదలు నెత్తిన పోసుకుని వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే, "అన్నం తిన్నావా దారిలో?" అంది. అంతే. ఆ మడి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

వాడిదే తప్పని రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ట్యూబులో ఆర్‌ఎన్‌ఏని కాపాడే ఇన్హిబిటర్ ముందే వేసి ఉంచాను. కణం దక్కేదేమో. చూడకుండానే కోపంలో పారేశాను. పొద్దున గాజు మొన కణానికి గట్టిగా అతుక్కుని సీల్ పడగానే ఆ న్యూరాన్ టకటకా స్పైకులు, అదే కరెంటు సిగ్నల్స్, కొడుతుంటే ఎంత సంతోషపడ్డానో! ఆ రికార్డింగ్ ఒక్కటే మిగిలింది.

వాడికి మెసేజ్ టైప్ చేశాను, చెరిపేశాను. ఇంత రాత్రివేళ చూసి కంగారుపడతాడు. రేపు ఎదురుగానే చెప్తాను. కొత్త డబ్బా తెరవాలి.