గోరంత తుప్పు, ఊరంత ఉప్పు

మా లాసన్స్ బే కాలనీలో కారు రాత్రంతా బయట పెట్టి పొద్దున్నే బోనెట్ మీద వేలు రాస్తే జిడ్డుగా ఏదో అంటుతుంది. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పన. (పెట్టుకున్నాను. మా ఆయన చూసి కూడా ఏమీ అనలేదు.) మా తెల్ల ఆల్టో 800 వెనక డోరు మీద తుప్పు ఎలా పోగొట్టావని అడిగినవాళ్లకి నేను ముందు ఈ ఉప్పు గురించే చెబుతాను, పెయింటు తర్వాత.

గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు దానంతటదే నీళ్లు లాక్కుని కరిగిపోతుంది. వైజాగ్‌లో అంత తేమ లేని రాత్రులు ఎన్నని? వాన చుక్క పడకపోయినా పెయింటు మీది గీతలో ఉప్పునీళ్లు నిలిచి ఉన్నట్టే లెక్క.

అలాగని ప్రతి గీతా తుప్పు పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వేపకొమ్మ ఒకటి బోనెట్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీరుకుంటూ పోయింది. చూస్తే ఏడుపొచ్చేంత గీత. ఇన్నేళ్లయినా అందులో తుప్పు లేదు, ఎందుకంటే అది ప్రైమర్ (రంగుకి ముందు రేకు మీద వేసే అడుగు పూత) దగ్గరే ఆగింది. వెనక డోరు మీద పక్కింటి బాబు సైకిల్ హ్యాండిల్ తగిలి లేచిన పెచ్చు గోరంత. అది రేకు దాకా దిగింది, ఒక్క వానాకాలానికే ఎర్రబడింది. గోరుతో అడ్డంగా గీసినప్పుడు పట్టుకుందంటే గీత లోతుగా ఉన్నట్టు. అడుగున రేకు మెరిసినా, ఎరుపు కనిపించినా ఇక ఆలస్యం చెయ్యకూడదు. బంపరు మీద గీతలకి మాత్రం కంగారు పడక్కర్లేదు, అది ప్లాస్టిక్కు.

ముందు ఆటోనగర్‌లో టింకరింగ్ షాపుకి తీసుకెళ్లాను. "డోరు మొత్తం కొట్టాలమ్మా, ప్యాచ్ వేస్తే తేడా తెలిసిపోద్ది" అన్నాడు పెయింటరు. నాలుగు వేలు చెప్పాడు. అతని మాట తప్పు కాదు. స్ప్రే గన్నుతో ఒక్కచోట రంగు కొడితే అంచు కనిపిస్తుంది. కానీ గోరంత దానికి గన్ను ఎందుకు? ఇక మా కాలనీలో ఎక్కువమంది చేసేది నెయిల్ పాలిష్ వేసి మర్చిపోవడం. తుప్పు తను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి చుట్టూ ఉన్న పెయింటుని అడుగు నుంచి లేపుతూ పోతుంది. పైన మూత వేస్తే అది ఆగదు, కనిపించకుండా పాకుతుంది.

సంక్రాంతి వెళ్లాక, పొడి ఎండ ఉన్న రోజు చూసుకుని మొదలుపెట్టాను. మా బోరు నీళ్లే కాస్త ఉప్పన, అందుకని తాగే నీళ్ల క్యాన్ తెచ్చి, పాత టూత్‌బ్రష్‌తో ఆ పెచ్చులో రుద్ది రుద్ది కడిగాను. ఈ పని ఎవరూ చెప్పరు. లోపల ఉప్పు మిగిలితే పైన ఎంత మంచి ప్రైమర్ వేసినా మళ్లీ బుడగ లేస్తుంది. ఆరాక స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూశాను. రేకు గట్టిగానే ఉంది. మెత్తగా దిగితే అది ఇంట్లో చేసుకునే పని కాదు.

చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, లేచిన పెయింటుని కట్టరుతో గట్టి అంచు వచ్చేదాకా గీకాను. గోరంతది రూపాయి బిళ్లంత అయింది. అప్పుడు 220 నంబరు గరుకు కాగితం, తర్వాత ఇంకా నునుపైన 400. రెండూ పొడిగానే, ఎందుకంటే బోసి రేకుకి తడి తగిలితే చూస్తుండగానే ఎర్రబారుతుంది. అంతా తెల్లగా మెరిసినా చిన్న చిన్న గుంటల్లో నల్ల చుక్కలు మిగిలాయి. కాగితం వాటిలోకి వెళ్లదు. అక్కడ రస్ట్ కన్వర్టర్ పుల్లతో అద్దాను. అందులోని ఫాస్ఫారిక్ ఆసిడ్ తుప్పుని ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. గ్లోవ్స్ తప్పనిసరి, మంచి పెయింటు మీద పడనివ్వకూడదు. సీసా మీద రాసినట్టు ఆగి, తుడిచి, ఆరబెట్టి, ఆ మధ్యాహ్నమే ప్రైమర్ వేసేశాను. రేపు వేద్దాంలే అనుకుంటే మన ఊరి రాత్రి ఊరుకోదు.

రంగు దగ్గర మాకు అదృష్టం కలిసొచ్చింది. బోనెట్ కింద ప్లేటు మీద ఉన్న రంగు కోడ్ 26యు, సుపీరియర్ వైట్. ముత్యపు మెరుపులూ వెండి రేణువులూ లేని ఉత్త తెలుపు. సిల్కీ సిల్వర్ అయితే కోడ్ కలిసినా మెరుపు కలవదు, రేణువులు పడుకునే తీరు మారిపోతుంది. పైన క్లియర్ కోటు (రంగు మీద వేసే రంగులేని పూత) ఉందో లేదో తెలియాలంటే ఒక మూల రబ్బింగ్ కాంపౌండు, అంటే పెయింటుని నునుపు చేసే పేస్టుతో గుడ్డ పెట్టి రుద్దండి. గుడ్డకి రంగు అంటితే క్లియర్ లేనట్టు. నా గుడ్డకి తెలుపు అంటింది, ఒక సీసా ఖర్చు తగ్గింది.

టచప్ సీసాలో వచ్చే బ్రష్ మరీ లావు. నేను టూత్‌పిక్‌తో పలచగా అద్దుకుంటూ, పొర ఆరాక మరో పొర వేస్తూ, చుట్టూ ఉన్న పెయింటు కన్నా కాస్త ఎత్తు వచ్చేదాకా వెళ్లాను. ఎండ పడమరకి తిరిగాక వెయ్యకూడదు. థిన్నర్ ఎగిరిపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ కూర్చుని రంగు పాలిపోతుంది.

వారం ఆగి, పెన్సిల్ రబ్బరుకి 2000 నంబరు వాటర్ పేపర్ చుట్టి, సబ్బునీళ్లతో ఎత్తుని సమం చేశాను. ఈసారి తడి ఫరవాలేదు, రేకు మూసుకుపోయింది కదా. తర్వాత కాంపౌండు. వ్యాక్స్ మాత్రం నెలదాకా వద్దు, కొత్త పెయింటులోంచి థిన్నర్ పూర్తిగా పోవాలి.

దగ్గరికొచ్చి వంగి చూస్తే మచ్చ తెలుస్తుంది, నిలబడి చూస్తే తెలియదు. మా పక్కింటావిడ మటుకు వంగే చూసింది.

ఇప్పుడు కుడి ముందు డోరు అడుగు అంచున ఇంకో చుక్క కనిపిస్తోంది. అక్కడ గీత ఏమీ లేదు, అంటే లోపలి నుంచి వస్తోందేమో. డోరు అడుగున నీళ్లు పోయే కన్నాలు బీచ్ ఇసుకతో పూడుకుపోయి ఉన్నాయి. ఆదివారం వాటిని పుల్లతో పొడిచి, డోరు లోపలి నుంచి క్యాన్ నీళ్లు పోసి చూస్తాను. కిందికి ఎర్రనీళ్లు వస్తే మళ్లీ ఆటోనగర్‌కే.