పోర్టికోలో నిలబడే కారుకి ఏ ఛార్జర్?

మా ఆయన మస్కట్‌లో ఉద్యోగం. రాజమండ్రిలో నాకు స్కూలు దగ్గరే, స్కూటీ చాలు. అందుకని మా చిన్న పెట్రోలు కారు నెలలో చాలా రోజులు పోర్టికోలోనే ఉంటుంది. అత్తయ్యగారిని చెకప్‌కి తీసుకెళ్లాల్సిన రోజునే సెల్ఫ్ అందుకోదు. బ్యాటరీ షాపు అబ్బాయి వచ్చి, విప్పుకెళ్లి, రాత్రంతా ఛార్జింగ్‌కి పెట్టి తెచ్చేవాడు. అత్తయ్యగారిని ఆటో ఎక్కించడం నాకు మనసొప్పక, ఇంట్లోకే స్మార్ట్ ఛార్జర్ కొనేశాను. కొనేటప్పుడు ఏం చూడాలో నాలాంటివాళ్ల కోసం రాస్తున్నా.

బండి కదలకపోయినా బ్యాటరీ దిగుతూనే ఉంటుంది. అలారం, సెంట్రల్ లాక్, గడియారం అన్నీ కలిపి 30 మిల్లీ ఆంపియర్లు తీసుకున్నా రోజుకి 0.7 ఆంపియర్ అవర్లు పోయినట్టే. నా బ్యాటరీ మొత్తం 35. మూడు వారాలకి 15 హరీ! ఎండాకాలంలో అయితే ఏమీ వాడకపోయినా ఇంకా త్వరగా దిగుతుంది. అలా దిగిన బ్యాటరీని పట్టించుకోకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత సత్తువ రాదు. అప్పుడప్పుడు పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచితే చాలంటారు గానీ, అది మహా అయితే సెల్ఫ్‌కి ఖర్చయినదాన్ని పూడుస్తుంది. పాత లోటు అలాగే ఉంటుంది.

ఆంప్స్ సంగతి తేలికే. బ్యాటరీ సైజులో పదో వంతు చాలు. 35కి నాలుగు ఆంప్స్ ఛార్జర్ సరిపోతుంది. పెద్ద డీజిల్ బండికి ఏడు తీసుకోండి. ఇంట్లో మనకి తొందరేముంది? రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. కరెంటు కూడా ఒక యూనిట్ లోపే.

అసలు చూడాల్సింది, నిండిన తర్వాత ఛార్జర్ ఏం చేస్తుందన్నది. నా మల్టీమీటర్‌లో మొదట 12.1 వోల్టులు చూపించింది. ఛార్జర్ పెట్టాక మెల్లగా పైకెక్కుతూ, నేను పడుకునేవేళకి 14.4కి వచ్చి అక్కడే నిలబడింది. పొద్దున్నే చూస్తే ఆకుపచ్చ లైటు వెలుగుతోంది, మీటర్‌లో 13.6. అంటే బ్యాటరీ నిండగానే వోల్టేజీ తనే తగ్గించుకుంది. దీన్నే ఫ్లోట్ అంటారు. మా కొలీగ్ ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించుకున్నదాని మీదా స్మార్ట్ అనే ఉంది, ఫ్యాన్, డిస్‌ప్లే కూడా ఉన్నాయి. కానీ తెల్లారాక కూడా 15 వోల్టుల దగ్గరే ఉంది. బ్యాటరీ డబ్బా వేడెక్కి, యాసిడ్ వాసన. అలాంటిది రాత్రంతా వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోవడం ఖాయం. ఏ ఛార్జర్ కొన్నా మొదటి రాత్రి మీటర్ పెట్టి చూసుకోండి. మీటర్ కొన్న డబ్బు వృథా పోదు.

కొన్ని ఛార్జర్ల మీద మంచు పువ్వు బొమ్మతో ఒక బటన్ ఉంటుంది. అది చలిదేశాల కోసం, వోల్టేజీ 14.7కి పెంచుతుంది. ఏజీఎం బ్యాటరీలకి (యాసిడ్‌ని గాజు పీచు మ్యాట్‌లో పీల్చి ఉంచే రకం) కూడా చాలా కంపెనీలు అదే మోడ్ వాడమంటాయి. మామూలు బ్యాటరీకి రోహిణీ కార్తెలో దాని జోలికే పోవద్దు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.02 వోల్టు తగ్గించాలి. 40 డిగ్రీల్లో 14.1 చాలు. వేడిని బట్టి తనే తగ్గించుకునే రకం దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి. ఎండాకాలంలో నేను రాత్రిపూటే పెడతాను. సల్ఫేట్ పట్టిన బ్యాటరీని బాగుచేయడానికని ఉండే రిపేర్ మోడ్‌లో వోల్టేజీ 15 దాటేస్తుంది, సీల్డ్ బ్యాటరీకి వద్దు. బ్యాటరీ కారులో ఉండగా అసలే వద్దు.

మనకి ముఖ్యమైనది ఇంకోటుంది: కరెంటు పోయి వస్తే ఛార్జింగ్ దానంతటదే మళ్లీ మొదలవ్వాలి. కొన్ని మళ్లీ బటన్ నొక్కేదాకా ఊరికే కూర్చుంటాయి. అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే వెనక లేబుల్ మీద ఇన్‌పుట్ ఎంతో ఫొటో పెట్టమనండి. 120 వోల్టులే ఉంటే మన 230కి పనికిరాదు.

పెట్టేటప్పుడు ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్లది బ్యాటరీకి దూరంగా రంగు లేని ఇనుప భాగానికి, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ పడకూడదు. మూసిన షెడ్డయితే తలుపులు తీసి పెట్టండి.

ఛార్జర్ తీసేశాక కొన్ని గంటలు ఆగి మీటర్ పెట్టండి. 12.6 ఉంటే బ్యాటరీ నిండినట్టే. రాత్రంతా ఛార్జ్ చేసినా మర్నాటికి 12.2కి పడిపోతోందంటే లోపం ఛార్జర్‌లో లేదు, బ్యాటరీ పనైపోయింది. షాపులో లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూడటం) చేయించి కొత్తది వేయించుకోండి.